కాంతియే శస్త్రము

ఇంద్రియములలో కన్ను ప్రధానమని పెద్దలందురు. చూపు మందగించినవారికి కళ్ళజోడొకటే శరణ్యమని చిరకాలము తలంచిరి. నేడు కాంతియే శస్త్రమై ఆ లోపమును దిద్దుచున్నది.

కంటి ముందుభాగమున అద్దమువలె నుండు పొరకు స్వచ్ఛపటలమని పేరు. నడుమ దాని మందము సుమారు అర మిల్లీమీటరు. కంటిలో ప్రవేశించు కిరణములను వంచుటలో మూడింట రెండు వంతుల పని దీనిదే. దీని వంపునకును కంటి పొడవునకును పొంతన కుదరనిచో ప్రతిబింబము నేత్రపటలముపై సరిగా పడదు. ముందే ఏర్పడినచో హ్రస్వదృష్టి. వెనుకకు పోయినచో దీర్ఘదృష్టి. లేసరు చికిత్స ఈ వంపునే మార్చును.

1981లో అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయమున, మద్రాసు విశ్వవిద్యాలయమున చదివిన రంగస్వామి శ్రీనివాసన్, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ అను శాస్త్రజ్ఞులు ఎక్సైమర్ లేసరు చుట్టుప్రక్కల మాడ్చకయే జీవకణజాలమును చెక్కగలదని కనుగొనిరి. పండుగ విందులో మిగిలిన టర్కీకోడి ముక్కపై దానిని పరీక్షించిరి!

ఈ చికిత్సలో ముఖ్యమైనవి మూడు విధములు. మొదటిది పి.ఆర్.కె. ఇందు స్వచ్ఛపటలముపై నుండు పలుచని తొడుగును తొలగించి, క్రింది భాగమును లేసరుతో చెక్కుదురు. తొడుగు కొన్ని దినములలో తిరిగి పెరుగును. అంతవరకు నొప్పి యుండును. చూపు మెల్లగా కుదురుకొనును.

రెండవది లాసిక్. ఇందు పై పొరను పుస్తకపు పుటవలె ఒక ప్రక్క అంటియుండునట్లు కోసి, పైకెత్తి, లోపల చెక్కి, మరల మూయుదురు. కుట్లు అక్కరలేదు. చాలమందికి మరునాటికే చూపు తేటపడును. కాని బలమైన దెబ్బ తగిలినచో ఆ పొర తొలగవచ్చును. అందుచేత మల్లయుద్ధము వంటి క్రీడలయందు పాల్గొనువారికి పొర కోయని పద్ధతియే మేలు.

మూడవది స్మైల్. ఇందు ఫెమ్టోసెకండ్ లేసరు స్వచ్ఛపటలము లోపలనే కటకము వంటి పలుచని ముక్కను కోయును. వైద్యుడు దానిని 2 నుండి 4 మిల్లీమీటర్ల గాటుగుండ వెలికి తీయును. తెగు నరములు తక్కువ గనుక కన్ను పొడిబారుటయు తక్కువ. అయితే ఇది ముఖ్యముగా హ్రస్వదృష్టికే ఉపయోగించును.

లేసరు తొలగించిన భాగము తిరిగి రాదు. కావుననే 18 ఏండ్లు నిండనివారికిని, అద్దముల శక్తి ఏటేట మారుచున్నవారికిని, స్వచ్ఛపటలము బలహీనమై శంకువువలె ముందుకు వచ్చినవారికిని సాధారణముగా ఈ చికిత్స చేయరు. చేయించుకొన్నవారికిని 40 ఏండ్లు దాటిన పిమ్మట చత్వారము రాక మానదు. కనుక ఏ పద్ధతి క్రొత్తదని గాక, ఏది తన కంటికి తగునని వైద్యునితో విచారింపవలయును. అంతవరకు బాలబాలికలకు కళ్ళజోడే నమ్మదగిన నేస్తము.