కొండమీది ఉప్పుమళ్లు

సముద్రతీరమున ఉప్పు పండించుట మనము ఎరిగినదే. నౌపడ, చినగంజాము ప్రాంతములలో కడలినీటిని మళ్లకు పెట్టి ఎండబెట్టుదురు. కాని సముద్రమునకు దూరముగా, 3,000 మీటర్లకు మించిన ఎత్తున ఉప్పు పండించు చిన్న ఊరు ఒకటి కలదు. అది దక్షిణ అమెరికాలో, పెరూ దేశమున, కుస్కో నగరమునకు వాయవ్యముగా ఉన్న మరాస్.

అంత ఎత్తున ఉప్పు ఎట్లు వచ్చినది? ఆండీస్ పర్వతములు లేవక పూర్వము అచ్చటి సముద్రజలము ఇగిరిపోయి, ఉప్పు పొరలుగా మిగిలినది. కొండలతోపాటు ఆ పొరలును పైకి లేచినవి. భూగర్భజలము ఆ ఉప్పును కరగించుకొని, ఊటగా వెలికి వచ్చుచున్నది.

ఆ నీరు సన్నని కాలువలగుండ మూడువేలకు పైబడిన చిన్నమళ్లకు పారును. మళ్లు కుటుంబములకు వంశపారంపర్యముగా సంక్రమించును. ఒక మడి నిండగానే గండి పూడ్చి, నీటిని క్రిందివారికి విడువవలెను. ఇట్లు పలుమార్లు నీరు పెట్టి ఎండనిచ్చిన పిదప, పేరిన ఉప్పును కొట్టి, గీచి, బస్తాలకెత్తుదురు.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ద్రావణము చల్లారినచో స్ఫటికములు ఏర్పడునని చదివితిమి; ఆండీస్ రాత్రులు మిక్కిలి చల్లనివి; మరి ఎండకై వేచియుండుట ఏల? సురేకారము 100 గ్రాముల నీటిలో 60 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 110 గ్రాములు కరగును. 20 డిగ్రీల వద్ద 32 గ్రాములే కరగును. అందుచే అది చలికి విడివడును. ఉప్పు అట్లు కాదు. 60 డిగ్రీల వద్ద 37 గ్రాములు, 20 డిగ్రీల వద్ద 36 గ్రాములు! చలివలన ప్రయోజనము స్వల్పము. నీరు ఆవిరి కావలసినదే. సంతృప్త ద్రావణము నుండియైనను 36 కిలోల ఉప్పు రావలెనన్న 100 కిలోల నీరు ఆవిరి కావలెను.

ఎండలు కాయు మే మొదలు అక్టోబరు వరకు ఇచ్చట పని ముమ్మరము. వాన దీనికి శత్రువు. ఒక సెంటీమీటరు వాన అనగా చదరపు మీటరుకు 10 లీటర్ల నీరు; అది మూడున్నర కిలోల ఉప్పును తిరిగి కరగించుకొనగలదు. వానకాలమున ఊరివారికి బంగాళాదుంప, మొక్కజొన్న, బార్లీ పైరులే ఆధారము.

యాత్రికుల రాకవలనను కొంత ఆదాయము కలదు. అయినను ఉప్పు మలినము కాకుండుటకై, మళ్లనడుమ నడచుటను 2019లో నిషేధించిరి.

విద్యార్థులు సంతృప్తమైన ఉప్పునీటిని రెండు పళ్లెములలో పోసి, ఒకదానిని ఎండలో, రెండవదానిని మూతవేసి చల్లనిచోట ఉంచి చూడవలెను. మరాస్ ప్రజలు ఎండకై ఏల ఎదురుచూతురో ఆ పళ్లెములే తెలుపును.