పరాయి ఊళ్లో ఫోను, బస



ఈమధ్య మన ఇళ్లల్లో సింగపూరు ప్రయాణం మాట తరచు వినిపిస్తోంది. పిల్లల సెలవులకో, కూతురి కాపురం చూడ్డానికో, నలుగురు స్నేహితురాళ్లు కలిసి సరదాగానో వెళ్లివస్తున్నారు. బట్టలు సర్దటం, దారికి చిరుతిళ్లు కట్టుకోవటం మనమే చేస్తాం. హోటలు, ఫోను సంగతులు మాత్రం "ఆయన చూసుకుంటారులెండి" అని వదిలేస్తాం. ఆ ఆయనే రద్దీలో ఒక గంటసేపు కనబడకుండా పోయారనుకోండి, అప్పుడు? మన హోటలు పేరేమిటో, ఎవరికి ఎలా ఫోను చెయ్యాలో మనకి తెలిసుండొద్దూ? ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. సింగపూరునే ఉదాహరణగా పెట్టుకుని చెప్పుకుందాం.

ముందు ఫోను సంగతి. ప్రతి దేశానికీ ఒక కోడు నంబరు ఉంటుంది. మనది 91, సింగపూరుది 65. ఇక్కడ పది అంకెలు నొక్కితే ఇంటికి ఫోను వెళ్తుంది. అక్కడి సిమ్ వేసుకున్నాక ఆ పది అంకెలూ చాలవు. ముందు ప్లస్ గుర్తు, తరువాత 91, ఆ తరువాతే మన నంబరు. ప్లస్ ఎక్కడుందంటారా? సున్నా మీటని కాసేపు నొక్కి పట్టుకోండి, వస్తుంది. ఇంట్లో ఉన్నది ల్యాండ్‌లైను అయితే ఊరి కోడు ముందున్న సున్నా తీసెయ్యాలి. హైదరాబాదు 040 కాస్తా 40 అవుతుంది, విజయవాడ 0866 కాస్తా 866 అవుతుంది. ముఖ్యమైన నంబర్లన్నీ ప్లస్ 91తో ఇంటి దగ్గరే ఫోనులో ఎక్కించుకోండి. అవి ఇక్కడా పనిచేస్తాయి, అక్కడా పనిచేస్తాయి. సింగపూరులో ఊరి కోడు అనేది లేదు. అక్కడి నంబర్లకి ఎనిమిది అంకెలే.

అక్కడి సిమ్ చాంగీ విమానాశ్రయంలోనే దొరుకుతుంది. పాస్‌పోర్టు చూపించి కొనుక్కోవాలి. రెండు సిమ్‌లు పట్టే ఫోనైతే మన సిమ్‌ని కూడా ఉండనివ్వండి. బ్యాంకు వాళ్లు పంపే ఓటీపీ దానికే వస్తుంది కదా! అందుకని బయలుదేరేముందే దానికి అంతర్జాతీయ రోమింగు పెట్టించుకుని, "డేటా రోమింగు" అనే మీటని మాత్రం ఆపెయ్యండి. లేకపోతే మనం ఊరికే ఉన్నా వెనకాల ఫొటోలూ వీడియోలూ దిగుతూనే ఉంటాయి, బిల్లు పెరుగుతూనే ఉంటుంది. హోటల్లో వైఫై ఉంటే వాట్సాప్‌లో మాట్లాడుకోవటానికి వేరే ఖర్చు ఉండదు.

మరో మాట. సింగపూరు గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు పొద్దున్నే ఆరింటికి కాఫీ తాగుతూ అత్తగారిని పలకరిద్దామనుకుంటే, పాపం ఆవిడకి అప్పుడు తెల్లవారుజామున మూడున్నర!

ఇక బస. ఇంటర్నెట్‌లో వెతికితే వంటగదితో సహా ఎవరిదో ఫ్లాటు చవగ్గా కనబడవచ్చు. కాస్త అన్నం, చారు పెట్టుకోవచ్చని మనసు లాగుతుంది. ఆగండి. సింగపూరు చట్టం ప్రకారం ప్రైవేటు ఇళ్లని మూడు నెలలకంటే తక్కువ కాలానికి అద్దెకివ్వకూడదు. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఫ్లాట్లని టూరిస్టులకి అసలు ఇవ్వనే కూడదు. అంటే నాలుగు రోజులకి ఇల్లు ఇస్తానన్నవాడు చట్టాన్ని తప్పి ఇస్తున్నాడన్నమాట. అలాంటి వారికి అడ్వాన్సు పంపి, రేపు గొడవ వస్తే ఎవరికి చెప్పుకుంటాం? లైసెన్సున్న హోటలే మేలు. శాకాహారం కావాలనుకునేవారికి లిటిల్ ఇండియా ప్రాంతం వీలుగా ఉంటుంది. సెరంగూన్ రోడ్డులో మన ఇడ్లీ, దోసె దొరుకుతాయి. శ్రీనివాస పెరుమాళ్ కోవెల కూడా ఆ రోడ్డులోనే ఉంది. అయితే తక్కువ అద్దె గదుల్లో కొన్నిటికి కిటికీలు ఉండవు. "కిటికీ ఉందా?" అని ముందే అడగండి.

అద్దె పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే జాగ్రత్త. అంటే ఆ పైన పది శాతం సర్వీసు ఛార్జీ, దాని మీద పన్ను ఉన్నాయని అర్థం. ఆ పన్ను 2024 నుంచి 9 శాతం. 200 డాలర్ల గది అనుకుంటే సర్వీసుతో 220, పన్నుతో 239 డాలర్ల 80 సెంట్లు అవుతుంది. నాలుగు రోజులకి లెక్క వెయ్యండి, దాదాపు 160 డాలర్లు తేడా!

తేదీ దగ్గర కూడా తికమక ఉంది. శుక్రవారం రాత్రి పదకొండింటికి హైదరాబాదులో విమానం ఎక్కితే శనివారం పొద్దున్న ఆరున్నర ప్రాంతాల సింగపూరులో దిగుతారు. హోటళ్లలో గది ఇచ్చేది మామూలుగా మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. అందాకా సామాను ఉంచుకోమని అడగవచ్చు. దిగగానే స్నానం చేసి నడుం వాల్చాలంటే మాత్రం శుక్రవారం రాత్రి నుంచే గది తీసుకోవాలి. తెల్లవారి వస్తామని హోటలుకి రాసి మరీ చెప్పాలి. లేకపోతే మీరు రాలేదనుకుని గది ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది.

బుకింగులో మీ పేరు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. ఆయన పేరు ఒక్కటే ఉంటే, మీరు ముందుగా చేరిన రోజున కౌంటరు దగ్గర నిలబడిపోవలసివస్తుంది. రద్దు చేసుకునే గడువు కూడా చూసుకోండి. అది హోటలున్న ఊరి టైము ప్రకారం ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నరే.

చివరిగా ఒక చిన్న పని. ఫోను ఎంత మంచిదైనా ఛార్జింగు అయిపోతే గాజుపలకే. పైగా సింగపూరు సాకెట్లకి మూడు చదును పిన్నుల ప్లగ్గు కావాలి, మన గుండ్రటి పిన్నులవి పట్టవు. అడాప్టరు పెట్టెలో వేసుకోండి. దాంతోపాటు ఒక కాగితం మీద హోటలు పేరు, వీధి, ఫోను నంబరు, మీవాళ్ల నంబర్లు, గ్రేంజ్ రోడ్డులోని మన హైకమిషన్ నంబరు రాయండి. పోలీసులకి 999, అంబులెన్సుకి 995 అని కింద చేర్చండి. ఒక ప్రతి మీ పర్సులో, ఒకటి పిల్లవాడి జేబులో, ఒకటి పెద్దావిడ చేతిసంచిలో.

ఆ కాగితం మీరే స్వయంగా రాయండి. రాస్తుంటేనే సగం నోటికి వచ్చేస్తుంది. అప్పుడు పక్కన ఎవరున్నా, లేకపోయినా ఆ ఊళ్లో ధైర్యంగా తిరిగి రాగలుగుతారు.