దీపపు స్విచ్చి చోట సాకెట్టు: రెండు తీగలు చాలవు

పాత యిండ్లలో గదికొక స్విచ్చి, ఒక దీపము తప్ప వేరేమియు కానరాదు. నేటి గృహస్థునకు అది చాలదు. సెల్‌ఫోనునకు ఛార్జరు పెట్టవలెను. వేసవిలో మంచము ప్రక్కన టేబులు ఫ్యాను తిరుగవలెను. అందుచేత దీపపు స్విచ్చిని తీసివైచి, స్విచ్చియు సాకెట్టును కలిసియున్న పలకను అచ్చట బిగించుకొనవలెనని పలువురు కోరుచుందురు. కోరిక సమంజసమే. పలక బజారులో దొరకును. బిగించుటకు రెండు మరలు చాలును. కాని దాని వెనుక తీగల విషయమున పొరపడినచో ప్రాణములకే ముప్పు కలదు.

స్విచ్చి వెనుక ఉన్న దేమి?

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. దీపము వెలుగుటకు రెండు తీగలు కావలెను: ఒకటి ఫేజు, రెండవది న్యూట్రల్. స్విచ్చి కాలువకు తూము వంటిది. ఫేజు తీగ దానిలోనికి వచ్చును; వేరొక తీగ దానినుండి దీపమునకు పోవును. న్యూట్రల్ తీగ సాధారణముగ స్విచ్చికి రాక తిన్నగ దీపమునకే చేరును. కావున స్విచ్చి వెనుక రెండు తీగలు కనిపించినను, అవి రెండును ఫేజు మార్గమునకు చెందినవే యని గ్రహింపవలెను.

సాకెట్టుకు మూడు తీగలు కావలెను: ఫేజు, న్యూట్రల్, ఎర్తు. పాత స్విచ్చి పెట్టెలో ఉన్నది వీనిలో ఒక్కటియే. తక్కిన రెండును క్రొత్తగా తీసికొని రావలెను.

మూడు తప్పు దారులు

శ్రమకు వెనుదీసి కొందరు అడ్డుదారులు త్రొక్కుదురు. స్విచ్చికున్న రెండు తీగలనే సాకెట్టుకు కలుపుట మొదటిది. అప్పుడు స్విచ్చి వేసిన సాకెట్టుకు విద్యుత్తు అందదు. తీసిన, దీపము ద్వారా కొద్దిపాటి విద్యుత్తు మాత్రమే వచ్చును. పరికరము సరిగా పనిచేయదు.

ఎర్తు తీగనే న్యూట్రల్‌గా వాడుట రెండవది. ఫ్యాను తిరుగును గనుక అంతయు బాగున్నట్లే తోచును. కాని ఎర్తు తీగ ఎచ్చటనైన తెగినను, వేసవిలో ఎర్తు గొయ్యి ఎండిపోయినను, ఆ తీగకు కలిసియున్న ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్జు మొదలగువాని లోహభాగములకు విద్యుత్తు ప్రాకును. వానిని తాకినవారికి ప్రాణాపాయము.

సాకెట్టులోని ఎర్తు మరను న్యూట్రల్‌కు కలుపుట మూడవది. న్యూట్రల్ తెగిన నాడు దీనివలనను అదే ప్రమాదము సంభవించును.

సరియైన పద్ధతి

న్యూట్రల్, ఎర్తు తీగలను మెయిన్ బోర్డు నుండి, లేక అదే సర్క్యూటునకు చెందిన సమీపపు బోర్డు నుండి తీసికొని రావలెను. వేరొక సర్క్యూటు న్యూట్రల్‌ను అరువు తెచ్చుకొనరాదు. ఎదురుగా నిలిచి చూచినపుడు సాకెట్టుపై భాగమున నున్న పెద్ద రంధ్రము ఎర్తునకు, కుడి రంధ్రము ఫేజునకు, ఎడమది న్యూట్రల్‌కు ఉద్దేశింపబడినవి. సాకెట్టుకు ప్రత్యేకముగ ఒక స్విచ్చి ఉండవలెను. అది ఫేజు తీగపైననే ఉండవలెను. కావున రెండు స్విచ్చులు, ఒక సాకెట్టు గల పలకను కొనుట మేలు. పసిపిల్లలున్న యింట రంధ్రములకు మూతలు గల సాకెట్టునే ఎన్నుకొనవలెను.

పని ప్రారంభించుటకు ముందు మెయిన్ స్విచ్చిని ఆపి, ఫ్యూజు ఊడదీసి జేబులో ఉంచుకొనవలెను. ఇన్వర్టరు ఉన్న యింట దానినికూడ ఆపవలెను. లేనిచో మెయిన్ ఆపినను తీగలలో విద్యుత్తు నిలిచియే యుండును. తీగల రంగును మాత్రమే నమ్మరాదు. టెస్టరును మొదట విద్యుత్తు ఉన్నచోట పరీక్షించి, తరువాత పని చేయవలసిన తీగపై పెట్టి, మరల విద్యుత్తు ఉన్నచోట చూడవలెను. వెలుగని టెస్టరు చెడిపోయినదియు కావచ్చును.

ఎంత బరువు మోయును?

6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద 1380 వాట్లకు మించి భరింపదు. ఛార్జరు, ఫ్యాను, 750 వాట్ల ఇస్త్రీ పెట్టె దానిపై వాడవచ్చును. 1500 వాట్ల నీళ్లు కాచు రాడ్డునకు ఆరున్నర ఆంపియర్లు కావలెను. దానికి 16 ఆంపియర్ల సాకెట్టును, మెయిన్ బోర్డు నుండి వేరుగ వచ్చు లావు తీగను అవసరము. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దానిలో లావు తీగ చుట్టుట ఇంటికి నిప్పు పెట్టుకొనుటయే.

ఎవరు చేయవలెను?

పాడైన స్విచ్చిని తీసి అట్టిదే మరియొకటి బిగించుట వేరు. సాకెట్టు చేర్చుట వేరు. 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నియమములలో 45వ నియమము ఈ భేదమును స్పష్టపరచినది. వైరింగు శక్తిని గాని స్వభావమును గాని మార్చని చిన్న మార్పిళ్లకు తప్ప, తక్కిన పనులకు లైసెన్సు గలవారు కావలెనని అది శాసించినది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన నిబంధనలును ఆ పద్ధతినే అనుసరించినవి.

కావున పని లైసెన్సు గలవారికే అప్పగింపవలెను. పని ముగిసిన పిదప గృహస్థుడు మూడు ప్రశ్నలు అడుగవలెను: న్యూట్రల్ ఎచ్చట నుండి తెచ్చితిరి? ఎర్తు తీగ గొయ్యి వరకు తెగకుండ ఉన్నదా? సాకెట్టు స్విచ్చి ఫేజు మీదనే ఉన్నదా? మూడింటికి సమాధానము చూపిన తరువాతనే కూలి చెల్లింపవలెను. అడుగుటకు మొగమాటపడరాదు, ఆ సాకెట్టు ప్రక్కన రేపు తిరుగాడువారు మన పిల్లలే.