నడిస్తే... బుర్రలో పట్టాలు భద్రం!

తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తురాదు. ఎదురింటాయన పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అరవై దాటాక ఇవి మామూలే. కానీ అమ్మకో నాన్నకో అల్జీమర్స్ వచ్చిన ఇంట్లో మాత్రం గుండె గుభేలుమంటుంది. 'కొంపదీసి నాకూ మొదలైందా?' అని.

ఆ భయానికి కొంత కారణం ఉంది. ఏపీఓఈ అనే జన్యువులో 'ఇ4' రకం ఉన్నవారికి ఈ జబ్బు ముప్పు ఎక్కువ. అలాగని ఉన్నవాళ్లందరికీ రాదు, లేనివాళ్లకు రాదన్న భరోసా లేదు. పుట్టుకతో వచ్చిన జన్యువును మార్చుకోలేం. మరి చేయగలిగిందేమీ లేదా? ఉంది... నడక!

కాచిగూడ రైల్వేస్టేషన్‌నే చూడండి. 1916లో కట్టిన ఆ భవనం ఎంత అందంగా ఉన్నా, పట్టాలూ సిగ్నళ్లూ లేకపోతే ఒక్క రైలూ కదలదు. మెదడూ అంతే. అందులోని భాగాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటేనే పని సాగుతుంది. అల్జీమర్స్‌లో ఆ రాకపోకలు దెబ్బతింటాయి. కొత్త జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోకాంపస్ కుంచించుకుపోతుంది.

అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్సన్ స్మిత్ బృందం 65-89 ఏళ్ల ఆరోగ్యవంతులను ఏడాదిన్నర పాటు గమనించి 2014లో ఫలితాలు ప్రకటించింది. ఇ4 ఉండి, ఒళ్లు పెద్దగా కదల్చని వారిలో హిప్పోకాంపస్ 3 శాతం తగ్గింది. ఇ4 ఉన్నా వ్యాయామం చేసేవారిలో అంత తరుగుదల లేదు. 2023లో ఆ బృందమే మరో సంగతి చెప్పింది. 71-85 ఏళ్ల 33 మంది వారానికి నాలుగు రోజుల చొప్పున 12 వారాలు ట్రెడ్‌మిల్‌పై నడిస్తే మెదడు భాగాల మధ్య అనుసంధానం బలపడింది. వారిలో అప్పటికే కాస్త మతిమరుపు మొదలైనవారూ ఉన్నారు! ఇవి చిన్న అధ్యయనాలే. నడిస్తే జబ్బు రానే రాదని కాదు. కానీ పోరాడే దారి ఉందని మాత్రం చెబుతున్నాయి.

మన నగరం చెప్పిన కబురూ ఒకటుంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో వెల్లడించిందిది: ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే కాచిగూడ వాసులకు సంతోషమే కదా!

అందుకే బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కుకో, పక్క వీధికో... తోడుంటే కబుర్లాడుకుంటూ నడవండి. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం చాలు. వారానికి మొత్తం 150 నిమిషాలు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులుంటే ముందు డాక్టర్ని అడగండి.

తాళంచెవి ఎక్కడుందో మరిస్తే బెంగ వద్దు. అది దేనికో మరిస్తే మాత్రం ఆస్పత్రికి వెళ్లాలి. అందాకా రోజూ పొద్దున్నే చెప్పుల్లో కాళ్లు పెట్టడం మరవకండి!