తుపాకి ఆమెది, కెమెరా ఎవరిది?

1973లో అమెరికాలో విడుదలైన ‘కాఫీ’ చిత్ర కథానాయిక ఒక నల్లజాతి నర్సు. ఆమె చెల్లెలి జీవితాన్ని హెరాయిన్ ఛిద్రం చేసింది. చట్టం ఆ వ్యాపారాన్ని ఆపదని గ్రహించి ఆమె స్వయంగా తుపాకి పట్టింది. పామ్ గ్రియర్ నటించిన ఈ చిత్రాన్ని అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ సుమారు 5 లక్షల డాలర్ల స్వల్ప వ్యయంతో నిర్మించింది. హాలీవుడ్ దశాబ్దాలపాటు నల్లజాతి స్త్రీకి ఎక్కువగా పనిమనిషి వేషాలే ఇచ్చింది. అటువంటి తెరపై ఆమె ఆగ్రహమే కథను నడిపించడం చిన్న విషయం కాదు.

అయితే ఆ ఆగ్రహానికి యజమాని ఎవరు? 1971లో మెల్విన్ వాన్ పీబుల్స్, గోర్డన్ పార్క్స్ తీసిన చిత్రాలు నల్లజాతి ప్రేక్షకులు లాభసాటి మార్కెట్ అని స్టూడియోలకు తెలియజెప్పాయి. మరుసటి ఏడాదే, పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖ నాయకుడు జూనియస్ గ్రిఫిన్ ఈ ధోరణిని ‘బ్లాక్స్‌ప్లాయిటేషన్’ అని నిరసించారు. నల్లజాతి, దోపిడీ అనే రెండు మాటల కలయిక అది. ‘కాఫీ’ రచయిత, దర్శకుడు జాక్ హిల్ శ్వేతజాతీయుడు. నాయిక కోపాన్ని ఎంత చూపాలో, దేహాన్ని ఎంత చూపాలో నిర్ణయించిన కలం ఆయనదే.

ముగింపు దీనికి నిదర్శనం. ఆమె ప్రియుడు హోవార్డ్ నగర కౌన్సిల్ సభ్యుడు, అమెరికన్ కాంగ్రెస్‌కు పోటీపడుతున్న నల్లజాతి నాయకుడు. జాతి పేరుతో ఎదిగి, మత్తుముఠాలతో చేతులు కలిపినవాడు. అణగారిన సమాజాల్లోంచే పుట్టే ద్రోహాన్ని ఇంత సూటిగా చూపిన ఈ చిన్న చిత్రం చివరి క్షణంలో తడబడింది. అతని మాటలకు ఆమె కరిగిపోతుండగా లోపలి నుంచి ఒక శ్వేతజాతి యువతి వస్తుంది. అప్పుడే తుపాకి పేలుతుంది. జాతిద్రోహానికి పడవలసిన శిక్ష సవతిపోరుగా కుదించుకుపోయింది.

బ్లాక్ పాంథర్ల స్ఫూర్తితో 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ ఆవిర్భవించింది. ఆ బంధుత్వం రీత్యా ఈ చర్చ మనకు పరాయిది కాదు. దళిత స్త్రీ తెరపై కొడవలి పట్టగానే చప్పట్లు కొట్టే మనం, ఆమె కోపానికి కారణాన్ని ఎవరు రాశారో అడగడం లేదు. తన కులపు నాయకుణ్ణి నిలదీసే దళిత మహిళను ఉద్యమద్రోహి అనో, వ్యక్తిగత కక్ష అనో కొట్టిపారేసినప్పుడు మనమూ జాక్ హిల్ రాసిన ముగింపునే మళ్లీ రాస్తున్నాం. ఆమె రాజకీయాన్ని రాజకీయంగా వినడం నేర్చుకోవాలి. ఆ కథను ఆమే రాసి, ఆమే తీసే వనరులు ఆమె చేతికి రావాలి.