పిల్లలూ అతిథులే

పెద్దవాళ్లు ఇంటికొస్తే ఎలా మర్యాద చేయాలో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కుర్చీ వేస్తాం, మంచినీళ్లిస్తాం. కాఫీయా, టీయా అని అడుగుతాం. షుగరు ఉందేమోనని ఒక మాట కనుక్కుంటాం. కబుర్లలో పడితే టీవీ సౌండు తగ్గిస్తాం. అదే పక్కింటి మూడున్నరేళ్ల పాప ఆడుకోవడానికి వస్తే? టీవీ సౌండు పెంచుతాం. ఒక గిన్నెలో చిప్సు పోసి ముందు పెడతాం. ‘ఆడుకోండమ్మా’ అని చెప్పి మన పనిలో మనం పడిపోతాం.

ఆ పాప కూడా అతిథే కదా! ఇంకా చెప్పాలంటే పెద్ద అతిథికన్నా ఆ పాప విషయంలోనే మన బాధ్యత ఎక్కువ. తనకు ఏది పడదో చెప్పుకోలేదు. వద్దనడం తెలియదు. భయం వేస్తే లేచి ఇంటికి వెళ్లిపోలేదు. ఒక తల్లి తన బిడ్డను రెండు గంటలు మన చేతుల్లో పెట్టి వెళ్లిందంటే, అది చిన్న నమ్మకం కాదు.

ఒకప్పుడు పిల్లలు వీధిలో ఆడుకునేవారు. అరుగుల మీద నలుగురు పెద్దవాళ్లు కూర్చునేవారు, అందరి కళ్లూ అందరి పిల్లల మీదా ఉండేవి. అపార్ట్‌మెంట్లు వచ్చాక ఆట నాలుగు గోడల మధ్యకు చేరింది. వేసవి సెలవుల్లో, ఆదివారం ఆరాధన ముగిశాక, పుట్టినరోజుల్లో పిల్లలు ఒకరింటికి ఒకరు వెళుతున్నారు. సంతోషమే. అయితే ఆ ఇంట్లో టీవీ ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది. తల్లుల మధ్య మనస్పర్థలు ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే మొదలవుతున్నాయి. ‘వాళ్లింటికి పంపితే టీవీ ముందే కూర్చోబెడతారు’ అని ఒకరు, ‘అన్నిటికీ వంకలు పెడుతుంది’ అని మరొకరు. మాట పెరిగి పెద్దలు ముఖాలు తిప్పుకుంటారు. చివరికి స్నేహితుణ్ణి పోగొట్టుకునేది పిల్లవాడే.

అందుకే ఈ వారం ఈ రెండు విషయాలూ కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

టీవీ ఆపితే ఆట మొదలవుతుంది

చిన్నపిల్లలు కలిసి ఆడుకునేది కాలక్షేపానికి మాత్రమే కాదు. నా వంతు, నీ వంతు అనేది అక్కడే నేర్చుకుంటారు. బొమ్మ లాక్కుంటే ఎదుటివాడు ఏడుస్తాడని, ఇస్తే నవ్వుతాడని అక్కడే తెలుస్తుంది. టీవీ ముందు కూర్చోబెడితే ఇద్దరు పిల్లలు పక్కపక్కనే ఉంటారు గానీ కలిసి ఉండరు. వెనకాల టీవీ ఊరికే మోగుతున్నా సరే, చిన్నపిల్లలు ఒక ఆట మీద ఎక్కువసేపు నిలవరు. పెద్దవాళ్లు వాళ్లతో మాట్లాడే మాటలూ తగ్గిపోతాయి.

ఏడాది నిండిన పిల్లలకు టీవీ, ఫోను చూపించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజు మొత్తం మీద గంటకు మించకూడదని, ఇంకా తగ్గితే మరీ మంచిదని సూచించింది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం ‘ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్’ కూడా ఆ తర్వాత దాదాపు ఇదే మాట చెప్పింది. గమనించండి, ఆ గంట రోజంతటికీ కలిపి. మనింటికి వచ్చిన బాబు పొద్దున వాళ్లింట్లో ఎంతసేపు చూశాడో మనకు తెలియదు. ఆ లెక్క వాళ్లమ్మకే తెలుసు. కాబట్టి మనింట్లో టీవీ పెట్టే ముందు ఆమెను ఒక మాట అడగడం మర్యాద.

‘మా ఇంట్లో ఉన్నదే ఒక్క గది. మామయ్యగారు వార్తలు చూస్తారు, అత్తయ్యగారు సీరియల్ చూస్తారు. ఆపమని ఎలా చెప్పను?’ అని అడిగే కోడళ్లు ఉన్నారు. నిజమే, ఇది చిన్న ఇబ్బంది కాదు. పెద్దవాళ్లను నొప్పించకుండా రెండు పనులు చేయవచ్చు. పిల్లల్ని పిలిచే వేళను సీరియల్ లేని వేళకు మార్చుకోవడం ఒకటి. వరండాలోనో మేడమీదో పెద్దవాళ్లు ఒకరు కాపలా ఉండగా చాప పరిచి ఆడించడం మరొకటి. అసలు తాతయ్యనే ఆటలోకి పిలిస్తే రిమోట్ దానంతటదే పక్కకు వెళుతుంది. కథ చెప్పమంటే కాదనే తాతయ్య ఎక్కడున్నాడు?

ఒకవేళ టీవీ పెట్టక తప్పలేదనుకుందాం. ఏం చూపించాలో ముందే అనుకోండి. రిమోట్ పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఉంటే ఆపేయండి. అలా వదిలేస్తే పిల్లల పాటతో మొదలై ఎక్కడికి పోతుందో చెప్పలేం. నేర వార్తలు, దయ్యాల సీరియల్, రక్తం కనిపించే సినిమా పసివాళ్లున్న గదిలో మోగనే కూడదు. మన పిల్లవాడికి అలవాటైన దృశ్యం వచ్చిన పిల్లవాడికి రాత్రి నిద్ర పట్టకుండా చేయవచ్చు. ఆ రాత్రి మేలుకోవాల్సింది వాళ్లమ్మే.

ఆపేటప్పుడు ‘ఇంకో ఐదు నిమిషాలు’ అంటే మూడేళ్లవాడికి అర్థం కాదు. ‘ఈ బొమ్మల కథ అయిపోగానే ఆపేద్దాం, తర్వాత ఇద్దరూ ఇల్లు కట్టండి’ అనండి. ముందు ఏముందో తెలిస్తే ఏడుపు తగ్గుతుంది.

గిన్నెలో ఏముంది?

పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి తినిపించడం చాలా ఇళ్లలో అలవాటైపోయింది. తెర మీద కళ్లుంటే కడుపు నిండిన సంగతి తెలియదు. పైగా ఊపిరి సరిగా ఆడక ఇబ్బంది పడుతున్నా పక్కవాళ్లు గమనించరు. టీవీ చూస్తూ తినడం మాన్పించమని పిల్లల వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన సూచనల్లోనూ ఉంది. రెండేళ్లలోపు వాళ్లకు పండ్లరసాలు, తీపి పానీయాలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు 125 మిల్లీలీటర్లు దాటకూడదని అందులోనే చెప్పారు. అంటే ఒక చిన్న గ్లాసు. 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో పాతిక గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. చెంచాలతో కొలిస్తే ఐదారు చెంచాలు. మన చేత్తో అన్ని చెంచాలు కలిపి పసివాడికి ఇస్తామా?

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలో గానీ, బడి గేటుకు 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. బడి దగ్గర అమ్మకూడనిది మన హాల్లో గిన్నె నిండా పోయడం న్యాయమేనా?

అన్నిటికన్నా ముఖ్యం, గొంతుకు అడ్డం పడేవి. వేరుశనగలు, వేయించిన శనగలు, బఠానీలు, జీడిపప్పు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, కోయకుండా పెట్టిన ద్రాక్షపండ్లు నాలుగైదేళ్లలోపు పిల్లలకు ప్రమాదం. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. గట్టి జంతికలు, చెక్కలు పెద్దపిల్లలకు ఉంచండి. పరుగెత్తుతూ, గెంతుతూ తిననివ్వకండి. కూర్చోబెట్టి, పక్కన ఒక పెద్దమనిషి ఉండి తినిపించాలి. ఏదైనా అడ్డం పడినప్పుడు పిల్లవాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. కనిపించనిదాన్ని తీయాలని నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. దగ్గు రాక, మాట రాక ఉక్కిరిబిక్కిరి అవుతుంటే వెంటనే ప్రథమ చికిత్స మొదలుపెట్టాలి, మరొకరు 108కి ఫోన్ చేయాలి. పసిపిల్లలున్న ప్రతి ఇంట్లో ఒక్కరైనా ఆ చికిత్స ఎలా చేయాలో డాక్టర్‌ దగ్గర ముందే నేర్చుకుని ఉండడం మంచిది.

కొందరు పిల్లలకు వేరుశనగ పడదు, కొందరికి గుడ్డు, కొందరికి పాలు. ‘ఒక్కటి తింటే ఏమవుతుందిలే’ అనే మాట ఇక్కడ పనికిరాదు. ఒక్కటి చాలు, ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి అందకపోవడానికి. అడగడానికి మొహమాటమెందుకు? ‘అక్కా, బాబుకు పడనివేమైనా ఉన్నాయా?’ ఇంతే కదా! పంపే తల్లి కూడా మొహమాటపడకూడదు. ‘వదినా, వీడికి పల్లీలు పడవు, పల్లీ చట్నీ కూడా పెట్టకండి’ అని గుమ్మం దగ్గరే స్పష్టంగా చెప్పాలి.

మరి ఏం పెట్టాలి? కొనాల్సిన పనే లేదు. అరటిపండు, బొప్పాయి ముక్కలు, చిన్న ఇడ్లీలు, దోసె ముక్క, మెత్తగా ఉడికించిన చిలగడదుంప, పల్చని మజ్జిగ. అందరు పిల్లలకూ ఒకేలా పెట్టండి. పని చేయడానికి వచ్చిన అమ్మాయి తన బిడ్డను వెంట తెచ్చుకుంటే ఆ బిడ్డకూ అదే పళ్లెం, అదే వంతు. చూస్తున్న పిల్లలకు పెట్టకుండా తినకూడదని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు.

పండుగ రోజుల్లో

మన ఇరుగుపొరుగులో అన్ని మతాలవారూ ఉంటారు. వినాయకచవితికి పక్కింట్లో ప్రసాదం పెడతారు. క్రిస్మస్‌కు మనం కేక్ పంచుతాం. ప్రసాదం విషయంలో క్రైస్తవ కుటుంబాలన్నిటిదీ ఒకే పద్ధతి కాదు. ఎవరి నిర్ణయం వారిది. ఏ నిర్ణయమైనా పిల్లవాడు దాన్ని ముఖం చిట్లించి చెప్పకూడదు. ‘వద్దు ఆంటీ, థాంక్స్’ అని నవ్వుతూ చెప్పడం ఇంట్లోనే నేర్పాలి. పెట్టిన చేయి చిన్నబోకూడదు. అలాగే మనం పంచే కేక్‌లో గుడ్డు ఉందని శాకాహారుల పిల్లలకు పెట్టేముందే వాళ్ల పెద్దలకు చెప్పాలి. చెప్పకుండా పెట్టడం ప్రేమ కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు ఆహారం గురించి అంత వివరంగా రాసింది కూడా ఇందుకే. నాకు తినే స్వేచ్ఛ ఉందా అన్నదొక్కటే కాదు, నా పళ్లెం వల్ల పక్కవాడి మనసు నొచ్చుకుంటుందా అన్నదీ చూడమన్నాడు.

వెళ్లేవాళ్లకూ ఉంది మర్యాద

పరాయి ఇంట్లో ఫ్రిజ్ తెరవకూడదు. టీవీ పెట్టమని మారాం చేయకూడదు. కావలసినంతే పెట్టించుకోవాలి. వచ్చేముందు బొమ్మలు సర్దాలి. వాళ్లింట్లో పెట్టినది మనింటి పద్ధతికి కాస్త తేడాగా ఉంటే పెద్దలు సర్దుకుపోవాలి. ఒక రోజు ఒక బిస్కెట్ ఎక్కువైతే, ఒక పాట ఎక్కువ చూస్తే కొంప మునగదు. ‘వాళ్లింట్లో వాళ్ల పద్ధతి, మనింట్లో మన పద్ధతి’ అని పిల్లలకు చెబితే చాలు. వాళ్ల ముందు ఆ ఇంటివాళ్లను విమర్శించకండి. ఆ మాట రేపు పొద్దున్నే ఉన్నదున్నట్టు వాళ్ల గుమ్మం చేరుతుంది!

ఒంటికి పడనివి, గొంతుకు అడ్డం పడేవి, భయపెట్టే దృశ్యాలు. ఈ మూడింటి దగ్గర మాత్రం సర్దుబాటు లేదు. అవి చెప్పడం వంక పెట్టడం కాదు. చెప్పే తీరులోనే ఉంది మర్యాదంతా. బబులోనులో దానియేలు రాజు పెట్టిన భోజనం వద్దనుకున్నాడు. పళ్లెం తోసేయలేదు. అధికారి ఇబ్బందిని అర్థం చేసుకుని, పది రోజులు పరీక్షించి చూడమని వినయంగా అడిగాడు. ఆ తీరు మన పిల్లలకు నేర్పదగింది.

దగ్గర నిలబడదాం

మమ్రేలో ముగ్గురు అతిథులు వస్తే అబ్రాహాము నీళ్లు, రొట్టెలు, వెన్న, పాలు, మాంసం సిద్ధం చేయించాడు. ఆ వృత్తాంతంలో ఒక చిన్న సంగతిని మనం తరచు దాటిపోతాం. వాళ్లు తింటున్నంతసేపూ అతడు ఆ చెట్టు కింద వాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. పెట్టి వెళ్లిపోలేదు.

ఉద్యోగం చేసి అలసిన తల్లికి, వంటగదిలో నాలుగు పనులున్న తల్లికి టీవీ పెద్ద సాయమే. కాదనడం లేదు. మార్త కూడా సోమరి కాదు, అతిథి కోసమే తొందరపడింది. అయినా మెప్పు పొందింది పనులన్నీ పక్కనపెట్టి ఆయన దగ్గర కూర్చున్న మరియే. ఇంటికి వచ్చిన పసివాళ్లకు నాలుగు రకాల చిరుతిళ్లు అక్కర్లేదు. ఒక అరటిపండు, గ్లాసెడు మంచినీళ్లు, తమ వైపు చూసే ఒక పెద్దమనిషి ఉంటే చాలు.

ఈ ఆదివారం మీ ఇంటికి పిల్లలు వస్తుంటే ముందు వాళ్లమ్మకు ఒక ఫోన్ చేయండి. రెండు ప్రశ్నలు అడగండి. ఏం పెట్టకూడదు? టీవీ చూపించవచ్చా? ఒక్క నిమిషం పట్టదు. ఆ తర్వాత రిమోట్ పైన పెట్టి, చాప పరిచి, మీరూ ఓ పక్కన కూర్చోండి.