అత్తయ్య ఎర్రచీర

మొన్న ఫాల్గుణంలో వెంకన్నబాబు కల్యాణానికి ఉపమాక వెళ్ళాను. ఆ రాత్రి అత్తయ్య కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చి, వీధరుగు దీపం కింద ఠక్కున ఆగిపోయింది.

"ఒరే, కొట్లో నిప్పులా ఉన్న ఎరుపు ఇలా వెలవెలబోయిందేమిట్రా? వాడెవడో నన్ను మోసం చేశాడు!"

"చీర మంచిదే అత్తయ్యా. తప్పు దీపానిది" అన్నాను.

ఎల్.ఇ.డి. బల్బులోని బిళ్ళ నిజానికి ఇచ్చేది నీలికాంతి. దానిమీద పూసిన పసుపుపచ్చని పొడి కొంత నీలాన్ని మింగి పసుపుకాంతిని వెళ్ళగక్కుతుంది. రెండూ కలిస్తే మన కంటికి తెలుపు. 1996లో జపానులో నిచియా కంపెనీవారు అమ్మకానికి తెచ్చిన ఉపాయం ఇది. ఆ పొడిలో వెలిగేది రవంత సీరియం.

సీరియం మనకు పాతచుట్టమే. ఊరేగింపుల్లో తలమీద మోసిన పెట్రోమాక్స్ దీపాలు జ్ఞాపకమున్నాయా? వాటి మాంటిల్‌లో నూటికి 99 పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు. రెండూ మన భీమిలి ఇసుకలోని మోనజైట్‌లో ఉన్నవే. థోరియానికి రేడియోధార్మికత ఉంది. రాలిన మాంటిల్ బూడిదను మేము చేత్తోనే ఊడ్చేసేవాళ్ళం! తరువాత ట్యూబులైట్లు వచ్చాయి, వాటిలో పాదరసం.

సీరియం సాధువే గాని, దాని కాంతిలో ఎరుపు తక్కువ. ఎరుపుకోసం యూరోపియం పొడులు కలుపుతారు. అంతకంటె నిక్కమైన రంగు ఇచ్చేవి క్వాంటం చుక్కలు. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతును కొలబద్దగా తీసుకుంటే, అవి ఆ కొలతకు నాలుగైదింతలుంటాయి. రేణువు పెరిగేకొద్దీ రంగు నీలంనుంచి ఎరుపుకు జరుగుతుంది. వీటికే 2023లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి ముగ్గురికి పంచారు.

చిక్కేమిటంటే, వీటిలో మొదట బాగా వెలిగినవి కాడ్మియంతో చేసినవి. అది మూత్రపిండాలకు విషం. అందుచేత ఇండియం ఫాస్ఫైడుతో చేస్తున్నారు. గాలి తగిలితే అది పాడవుతుంది గనుక, పైన జింక్ సల్ఫైడు తొడుగు వేస్తారు. టెలివిజన్లలో ఇవి ఇప్పటికే వెలుగుతున్నాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మరో దారి పట్టారు: డిస్ప్రోసియంవంటివి కరిగించి, గాజే తెల్లగా వెలిగేలా చూశారు.

అత్తయ్య అంతా విని, "అయితే ఆ ట్యూబులైట్లో ఉన్నది విషమేనా?" అంది.

"కొంచెం."

"కిందటేడు పగిలినదాన్ని పెంటకుప్పమీద పారేశారురా. ఆ ఎరువు వంగమళ్ళకే తోలాం."

నాకు వెంటనే జవాబు తోచలేదు. చీర సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. పెరట్లోకి వెళ్ళి, గోడవార నిలబెట్టిన పాత ట్యూబులు రెండూ పాతగుడ్డలో చుట్టి అటకమీద పెట్టించింది.